గోడను కాదు, అంచును చూడండి

స్విట్జర్లాండ్ ఆగ్నేయ మూలలో, ఇటలీ సరిహద్దు పక్కన, బ్రెగాలియా అనే సన్నని లోయ ఉంది. జర్మన్ మాట్లాడేవాళ్లు దాన్ని బెర్గెల్ అంటారు. భూగర్భశాస్త్రంలో ఆ పేరే స్థిరపడింది. లోయకు దక్షిణాన పిట్స్ బదీలే (3308 మీటర్లు), దాని పక్కన పిట్స్ చెంగాలో (3369 మీటర్లు), ఆ తరువాత షోరా శిఖరాల వరుస. అంతా బూడిదరంగు గ్రానైట్, నిలువు గోడలు. ఈ లోయ గురించి అచ్చయిన ఏ పుస్తకం తెరిచినా బదీలే ఈశాన్య గోడ బొమ్మ తప్పకుండా ఉంటుంది. 1937 జులైలో రికార్దో కస్సీన్ బృందం, మొత్తం ఐదుగురు, ఆ గోడను మొదటిసారి ఎక్కింది. దిగివచ్చేటప్పుడు మంచు తుపానులో వాళ్లలో ఇద్దరు ప్రాణాలు వదిలారు. ఆ గోడ మీద మనుషులకున్న భక్తి నాకు అర్థమవుతుంది. దాని కింద నిలబడి తల ఎత్తినప్పుడు నాకూ మాట రాలేదు.

అయినా నేను చాలాకాలంగా ఒక వాదన మీద నిలబడి ఉన్నాను. బెర్గెల్ గ్రానైట్‌ను తెలుసుకోవాలనుకునే మనిషి ఆ గోడల ముందు గడిపే సమయం చాలావరకు వృథా. ఆ రాయి ఎక్కడి నుండి వచ్చింది, ఎంత లోతులో గడ్డకట్టింది, ఎందుకు కరిగింది, ఎంత వేగంగా పైకి లేచింది అన్న ప్రశ్నల్లో దేనికీ గోడ సరైన జవాబు ఇవ్వదు. జవాబులన్నీ గ్రానైట్ ఆగిపోయే చోట, ఇంకో రాయి మొదలయ్యే చోట ఉన్నాయి. కొన్ని జవాబులైతే గ్రానైట్‌కు పదుల కిలోమీటర్ల దూరంలో, కోమో పట్టణం వెనక గుట్టల్లో పడి ఉన్నాయి. ఆల్ప్స్‌కు వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లలో రాళ్ల మీద ఆసక్తి ఉన్న కొందరైనా వెతకాల్సిన చోట వెతకాలని నా కోరిక.

ముందుగా గోడ ఏం చెబుతుందో చూద్దాం. దగ్గరికి వెళితే రాయిలో వేలి పొడవున్న తెల్లటి పొటాష్ ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు కనిపిస్తాయి. వాటి మధ్య బూడిదరంగు క్వార్ట్‌జ్, నల్లటి బయోటైట్ అభ్రకం, తెల్లటి ప్లేజియోక్లేజ్. కచ్చితంగా చెప్పాలంటే ఇది గ్రానోడయోరైట్. గనుల్లో పనిచేసే లొంబార్దీ రాతిపనివాళ్లు దీన్ని గియాందోనే అంటారు. దీని అంచుల చుట్టూ, ముఖ్యంగా దక్షిణాన, ఇంకాస్త నల్లటి రాయి ఉంది. అది టోనలైట్, దానిలో హార్న్‌బ్లెండ్ ఎక్కువ, పొటాష్ ఫెల్డ్‌స్పార్ దాదాపు ఉండదు. రాతిపనివాళ్లకు అది సెరిట్సో. పెద్ద స్ఫటికాలు చాలాచోట్ల ఒకే దిక్కుకు వాలి ఉంటాయి కాబట్టి, పూర్తిగా గట్టిపడకముందు ఆ ద్రవం కదిలిందని ఊహించవచ్చు. అంతే. మైలు పొడవున్న గోడ మీద మొదటి మీటరు చెప్పినదే చివరి మీటరూ చెబుతుంది.

గ్రానైట్ గురించి మనిషి మొదటిసారి సరిగ్గా ఆలోచించింది కూడా అంచుల దగ్గరే. పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో వెర్నర్ బోధించిన సిద్ధాంతం ప్రకారం గ్రానైట్ ఆదిసముద్రం నుండి పేరుకున్న మొట్టమొదటి రాయి, భూమికి పునాది. జర్మన్ కవి గొథే 1784లో గ్రానైట్ మీద రాసిన వ్యాసంలో ఆ ప్రాచీనతకు చేతులు జోడించాడు. శిఖరం మీద కూర్చుని గ్రానైట్‌ను చూసినవాళ్లకు అలాగే అనిపిస్తుంది. దాని కింద ఇంకేమీ లేనట్టు, అంతకు ముందు ఇంకేమీ లేనట్టు. మరుసటి ఏడాది, 1785లో, భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ స్కాట్లాండ్‌లోని గ్లెన్ టిల్ట్ వాగు వెంట నడుస్తూ ఎర్రటి గ్రానైట్ తీగలు నల్లటి షిస్టు రాయిని చీల్చుకుంటూ వెళ్లడం చూశాడు. చీలిన రాయి ముందుది, చీల్చిన రాయి తరువాతిది, అది చీల్చినప్పుడు ద్రవంగా ఉంది. ఒక్క వాగు గట్టు, ఒక్క హద్దు. పునాది సిద్ధాంతం కూలడానికి అది చాలింది. హట్టన్ ఆ రోజు గ్రానైట్ కొండ ఎక్కి ఉంటే ఏమీ తెలిసేది కాదు.

బెర్గెల్‌లో ఇదే పాఠం ఇరవయ్యో శతాబ్దంలో మరింత కష్టపడి నేర్చుకోవాల్సి వచ్చింది. అక్కడ పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి తోసుకువచ్చిన పెద్ద శిలా ఫలకాలు ఉన్నాయి. ఆఫ్రికా వైపు భూఖండం యూరప్‌ను గుద్దినప్పుడు మడతలు పడి, పదుల కిలోమీటర్లు జరిగి, కుప్పపడ్డ రాళ్లు అవి. స్విస్ భూగర్భశాస్త్రవేత్త రుడోల్ఫ్ స్టౌబ్ ఆ ప్రాంతమంతా కాలినడకన తిరిగి పటం గీశాడు. 1921లో అది అచ్చయింది. తూర్పు అంచున గ్రానైట్ ఆ మడతల్ని అడ్డంగా కోసుకుంటూ పోవడం ఆయన గమనించాడు. మడతలు పడ్డాకే గ్రానైట్ వచ్చింది, కాబట్టి అది ఆల్ప్స్ రాళ్లలో వయసులో చాలా చిన్నది అని ఆయన తీర్మానం. వయసు లెక్కగట్టే యంత్రాలు లేని కాలంలో, కేవలం హద్దును చదివి చేసిన తీర్మానం అది. నా దృష్టిలో ఆల్ప్స్ భూగర్భశాస్త్రంలోని గొప్ప పరిశీలనల్లో ఇదొకటి.

కానీ పడమటి అంచుకు వెళ్లినవాళ్లు ఇంకో దృశ్యం చూశారు. అక్కడ గ్రానైట్ ఏదీ కోయదు. పక్కనున్న నైస్ రాళ్లతో (వేడికి, ఒత్తిడికి మారి చారలు తేలిన రాళ్లు) సమాంతరంగా పడుకుని, వాటితో కలిసి మడతపడి ఉంది. హద్దు ఎక్కడో చెప్పడమే కష్టం. ఇలాంటి రాళ్లు చూసినవాళ్లలో కొందరు ఇది బయటి నుండి చొచ్చుకువచ్చిన ద్రవం కానేకాదన్నారు. ఉన్నచోటే పాత రాళ్లు వేడికి, రసాయనాలకు మారి గ్రానైట్ అయ్యాయని వాదించారు. జర్మన్ శాస్త్రవేత్త డ్రెషర్ కాడెన్ ఆ పక్షాన గట్టిగా నిలిచినవాళ్లలో ఒకరు. ఇరుపక్షాలూ చూసింది ఒకే గ్రానైట్‌నే. ఏ అంచున నిలబడ్డారన్నదాన్ని బట్టి వాళ్ల సిద్ధాంతం మారింది.

తేలిందేమిటంటే, బెర్గెల్ గ్రానైట్ ముద్ద మొత్తం తరువాతి కాలంలో తూర్పుకు వాలిపోయింది. పడమటి వైపు ఎక్కువ పైకి లేచింది, ఎక్కువ కోతకు గురైంది. అందుకే ఈరోజు తూర్పున మనకు కనిపించేది ఆ ముద్దలో పై మట్టానికి దగ్గరి భాగం. పడమట కనిపించేది దాని అడుగు, ఇంకా ముందుకు వెళితే అది పైకి ఎక్కివచ్చిన దారి. హార్న్‌బ్లెండ్‌లోని అల్యూమినియం పాళ్లు కొలిచి లోతు లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. దాని ప్రకారం పడమటి రాళ్లు 20 కిలోమీటర్లకు మించిన లోతులో గడ్డకట్టాయి, తూర్పువి దానికన్నా కొన్ని కిలోమీటర్లు పైన. ఒక శిలాద్రవపు ముద్దను అడుగు నుండి పై భాగం దాకా నేల మీద నడిచి చూడగల అవకాశం ప్రపంచంలో చాలా అరుదు. ఆ అడుగు కూడా నున్నగా లేదు, మడతలు పడి ఉంది. 1990 దశకంలో రోజెన్‌బర్గ్, బెర్గెర్, ష్మిడ్ తదితరులు ఆ మడతల్ని నిశితంగా పరిశీలించి, గ్రానైట్ ఇంకా పూర్తిగా గట్టిపడకముందే అవి పడ్డాయని చూపారు. అంటే ఉత్తర దక్షిణాల ఒత్తిడి ఆ ముద్దను అడుగు నుండి పిండుతూ ఉంది. పిడికిట్లో నొక్కిన పిండి వేళ్ల సందుల్లోంచి పైకి ఉబికినట్టు, ద్రవం పైకి, తూర్పుకు ఉబికింది. తూర్పు అంచున చుట్టూ ఉన్న రాళ్లు పక్కకు ఒత్తుకుపోయి కనిపించడానికి కారణం అదే. పెద్ద గ్రానైట్ ముద్దకు భూమి లోపల చోటు ఎలా దొరికిందన్నది పాత చిక్కు ప్రశ్న. ఈ ఒక్క చోటనైనా దానికి సాక్ష్యంతో కూడిన జవాబు దొరికింది. దొరికింది అంచుల్లో.

తూర్పు, ఆగ్నేయాల్లో ఇంకో అద్భుతం ఉంది. అక్కడ గ్రానైట్‌కు పొరుగున మలెంకో లోయ సర్పెంటినైట్ ఉంది. మోంతే దిస్గ్రాత్సియా (3678 మీటర్లు) ఆ రాయితో కట్టిన శిఖరం. గాలివానలకు తుప్పు రంగు తేలి, పక్కనున్న బూడిదరంగు గ్రానైట్ శిఖరాల నుండి దూరానికే వేరుగా తెలుస్తుంది. అది ఒకప్పుడు భూమి లోపలి మాంటిల్‌కు, అంటే భూపటలం కింద ఉండే మందపాటి పొరకు చెందిన రాయి. పాత సముద్రం తెరుచుకున్నప్పుడు పైకి వచ్చి, నీటిని పీల్చుకుని సర్పెంటినైట్ అయింది. దాని పక్కకు మండే టోనలైట్ వచ్చి చేరింది. 1972లో ఫోల్క్‌మార్ ట్రోమ్స్‌డోర్ఫ్, బెర్నార్డ్ ఎవాన్స్ ఈ హద్దు వైపు అడుగు అడుగునా ఖనిజాలు ఎలా మారతాయో ప్రచురించారు. దూరంగా సర్పెంటినైట్‌లోని ప్రధాన ఖనిజమైన ఆంటిగొరైట్ ఉంటుంది. కొంత దగ్గరికి వస్తే ఆంటిగొరైట్ విడిపోయి ఆలివిన్, టాల్క్ అవుతుంది. ఇంకా దగ్గరైతే టాల్క్ కూడా నిలవక ఆంథోఫిలైట్ వస్తుంది. ప్రతి మెట్టులోనూ రాయి తనలో బంధించి ఉన్న నీటిని కొంత కక్కుతుంది. వేడి తగ్గుతూ పోయిన దారిని ఖనిజాలే గీసి పెట్టాయి. ఆ నడకలో చేతిలో ఒక భూతద్దం ఉంటే చాలు, 3 కోట్ల సంవత్సరాల నాటి వేడిని మెట్టు మెట్టుగా చూడవచ్చు. అదే లోయలో మెత్తటి రాతిని తొలిచి వంటపాత్రలు చేసే వృత్తి తరతరాలుగా ఉంది. ఇళ్ల కప్పులకు సర్పెంటినైట్ పలకలు వేస్తారు. బదీలే గోడ కింద గుమిగూడే జనంలో పదోవంతు కూడా ఈ వైపు రారన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. వయసు చెప్పేది గ్రానైట్ లోపలి స్ఫటికాలే కదా? నిజమే. జిర్కాన్, అలనైట్ వంటి చిన్న ఖనిజాల్లో యురేనియం, థోరియం సీసంగా మారే వేగం మనకు తెలుసు. 1992లో ఫ్రిడ్‌హెల్మ్ ఫాన్ బ్లాంకెన్‌బుర్గ్ ఆ పద్ధతితో టోనలైట్‌కు సుమారు 3.2 కోట్ల సంవత్సరాలు, గ్రానోడయోరైట్‌కు సుమారు 3 కోట్ల సంవత్సరాలు అని తేల్చాడు. స్టౌబ్ హద్దును చూసి చెప్పింది యంత్రం ధ్రువీకరించింది. ఈ విషయంలో గోడలోని రాయికి నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ సంఖ్యను జనానికి ఎలా చెబుతున్నామన్నది వేరే సంగతి. 3 కోట్ల ఏళ్ల కిందట గ్రానైట్ ఏర్పడింది అని ఒక పంక్తి రాసి ఊరుకోవడం నాకు నచ్చదు. తరువాతి పరిశోధనల్లో చేతిలో ఇమిడే ఒకే రాతిముక్కలోని జిర్కాన్లు లక్షల సంవత్సరాల తేడాతో పెరిగాయని తేలింది. పడమటి చివరన, ద్రవం ఎక్కివచ్చిన దారిలోని టోనలైట్‌ను 2004లో ఒబెర్లీ బృందం పరిశీలించింది. అక్కడ స్ఫటికీకరణ సుమారు 3.3 కోట్ల నుండి 2.8 కోట్ల సంవత్సరాల కిందటి వరకు, అంటే దాదాపు 50 లక్షల ఏళ్లు సాగినట్టు వాళ్లు చూపారు. అంత కాలంలో ఆ ద్రవం చుట్టూ ఒక పర్వతశ్రేణి కదిలింది, మడతపడింది, లేచింది. దాన్ని ఒక తేదీకి కుదించడం అన్యాయం. పైగా ఎప్పుడు అన్నది తెలిసినంత మాత్రాన ఎక్కడ, ఎలా, ఎందుకు అన్నవి తెలియవు.

ఎందుకు అన్నదానికి అంచు దాటి ఇంకా దక్షిణానికి వెళ్లాలి. వల్తెల్లీనా లోయ గుండా తూర్పు పడమరలుగా ఒక పెద్ద భ్రంశం, అంటే రెండు వైపుల రాళ్లూ ఒకదాని పక్కన ఒకటి జరిగిన పగులు, సాగుతుంది. ఆల్ప్స్ పొడవునా ఉండే పెరియాడ్రియాటిక్ రేఖలో ఇది ఒక భాగం. బెర్గెల్ టోనలైట్‌కు పడమట ఒక సన్నని తోక ఉంది. అది ఈ రేఖను ఆనుకుని సాన్ జోరియో కనుమ మీదుగా బెలింత్సోనా వైపు సాగిపోతుంది. ఇదే రేఖ వెంబడి అదమెల్లో, రీజెర్‌ఫెర్నర్, బియెల్లా వంటి ఇతర గ్రానైట్ ముద్దలూ వరుసగా ఉన్నాయి. అన్నీ దాదాపు 4.3 కోట్ల నుండి 2.9 కోట్ల సంవత్సరాల మధ్యవి. 1995లో ఫాన్ బ్లాంకెన్‌బుర్గ్, హ్యూ డేవిస్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. యూరప్ ఫలకం (యూరప్‌ను మోసే భూమి పైపొరల పెద్ద పలక) ముందు భాగంలో ఉన్న బరువైన సముద్రపు అడుగు కిందికి లాగుతోంది, దాని వెనక ఉన్న తేలికైన భూఖండం మునగనంటోంది. ఆ రెండింటి మధ్య ఫలకం సాగి తెగిపోయింది. తెగిన సందులోకి కింది నుండి వేడి మాంటిల్ ఎగసి, పైనున్న రాతిని కరిగించింది. ఆ కరుగు పైకి వస్తూ భూపటలపు రాళ్లను కలుపుకుని టోనలైట్, గ్రానోడయోరైట్ అయింది. ఈ వివరణ మీద చర్చ ఇంకా ముగియలేదు. ఇన్ని ముద్దలు ఒకే రేఖ మీద, ఒకే కాలఖండంలో ఉండటాన్ని దీనంత పొందికగా చెప్పిన వివరణ నేను చదవలేదు.

దీనివల్ల ఇంకో పొరపాటు భావన కూడా తొలగాలి. గ్రానైట్ లేచి ఆల్ప్స్‌ను తయారుచేసిందని చాలామంది అనుకుంటారు. బెర్గెల్ గ్రానైట్ వచ్చేసరికి అక్కడి శిలా ఫలకాలు అప్పటికే కుప్పపడి ఉన్నాయి. అది ఆ పనిలో ఆలస్యంగా చేరింది. మరోవైపు మోం బ్లాం శిఖరపు గ్రానైట్ వయసు 30 కోట్ల సంవత్సరాలకు పైనే. అది ఆల్ప్స్‌కు ముందు ఉండి అరిగిపోయిన ఇంకో పర్వతశ్రేణిలో పుట్టి, ఆల్ప్స్ లేచేటప్పుడు వాటితో పాటు మోయబడింది. ఒకే శ్రేణిలోని రెండు ప్రసిద్ధ గ్రానైట్లకు ఇంత తేడా. హైదరాబాదు గుట్టల మధ్య పెరిగిన నాకు, 250 కోట్ల సంవత్సరాల గ్రానైట్‌ను రోజూ చూసిన నాకు, 3 కోట్ల ఏళ్ల గ్రానైట్ అన్న మాట మొదట నమ్మశక్యం కాలేదు. చేతిలో రెండు ముక్కలు పెట్టుకుని చూస్తే వయసు తేడా కంటికి అందదు. మళ్లీ అదే మాట: రాయి తన లోపలి రూపంతో తన చరిత్ర చెప్పదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం. కోమో సరస్సు దక్షిణపు కొసన కోమో పట్టణం. దాని వెనక బరదెల్లో కోట ఉన్న గుట్ట. ఆ గుట్టల్లో గోన్ఫొలీతె అనే శిలాసమూహం ఉంది. గులకరాళ్లు, బండరాళ్లు ఇసుకతో కలిసి గట్టిపడిన రాయి అది. ఆల్ప్స్ దక్షిణ పాదం దగ్గర ఒకప్పుడు లోతైన సముద్రం ఉండేది. పర్వతం నుండి నదులు తెచ్చిన రాళ్లు ఆ సముద్రపు అడుగున విసనకర్ర ఆకారంలో పేరుకున్నాయి. ఒలిగోసీన్ యుగం చివర, మయోసీన్ యుగం మొదట్లో (రెండు, మూడు కోట్ల సంవత్సరాల కిందటి మధ్యకాలంలో) పేరుకున్న ఆ రాశిలో బెర్గెల్ టోనలైట్, గ్రానోడయోరైట్ ముక్కలు ఉన్నాయి, కొన్ని మనిషి ఎత్తున్న బండలు. ఇది చిన్న విషయం కాదు. భూమి లోపల కిలోమీటర్ల లోతులో గడ్డకట్టిన రాయి, భూగర్భశాస్త్రపు లెక్కలో అతి కొద్ది కాలంలోనే పైకి వచ్చి, కోతకు గురై, నదిలో దొర్లి, సముద్రంలో పడింది. ఆ గులకరాళ్లలోని ఖనిజాలు చల్లారిన కాలం కొలిస్తే, ఈరోజు శిఖరాల మీదున్న రాయి చల్లారిన కాలం కన్నా పాతది. ఎందుకంటే అవి ఇప్పుడు లేని పై భాగం నుండి వచ్చినవి. బదీలే శిఖరం కన్నా ఎన్నో కిలోమీటర్లు పైన ఒకప్పుడు ఉన్న గ్రానైట్ ఈరోజు కోమో పట్టణం వెనక గుట్టలో ఉంది. అంటే గోడను ఎంత చూసినా కనిపించని సగం కథ అక్కడే దొరుకుతుంది. స్కూలు పిల్లలు ఆడుకునే ఆ గుట్టల మీద ఆ రాళ్లను చేత్తో తాకవచ్చు. తాళ్లు, మేకులు అవసరం లేదు.

గోడల గురించి ఒక్కటి మాత్రం బరువుతో చెప్పాలి. 2017 ఆగస్టు 23 ఉదయం పిట్స్ చెంగాలో నుండి సుమారు 30 లక్షల ఘనమీటర్ల రాయి ఒక్కసారిగా విరిగి బొందాస్కా లోయలో పడింది. కింద ఉన్న హిమానీనదపు మంచును కొంత తనతో ఈడ్చుకుంటూ, నీళ్లు, బురద, బండలుగా మారి బొందో గ్రామం దాకా వచ్చింది. లోయలో నడుస్తున్న ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ల మృతదేహాలు దొరకలేదు. 2011 డిసెంబరులో అదే శిఖరం నుండి పెద్ద ముక్క ఒకటి అప్పటికే పడి ఉంది. ఆ తరువాత గ్రామం పైన బురదను ఆపే పెద్ద గుంట తవ్వారు, హెచ్చరిక పరికరాలు పెట్టారు. గ్రామంలో ఎవరూ చనిపోకపోవడానికి అవి కారణం. గ్రానైట్ అంటే చెక్కు చెదరనిదని నమ్మే మనం ఇది గుర్తుంచుకోవాలి. 20 కిలోమీటర్ల బరువు కింద గడ్డకట్టిన రాయి మీద నుండి ఆ బరువు తొలగిపోతే అది ఉపరితలానికి సమాంతరంగా పొరలు పొరలుగా పగులుతుంది. హిమానీనదాలు వెనక్కి తగ్గితే గోడ పాదానికి ఆసరా పోతుంది. ఎత్తైన చోట్ల పగుళ్లను అంటిపెట్టుకుని ఉన్న ఏళ్లనాటి మంచు వేడెక్కితే పట్టు సడలుతుంది. చెంగాలో కూలడంలో వీటిలో దేని వాటా ఎంత అన్నది నిపుణులు పరిశీలిస్తున్న విషయం. నాకు స్పష్టంగా కనిపించేది ఒకటే: కోమో దగ్గర సముద్రంలో పడ్డ బండలు, బొందో పొలాల్లోకి వచ్చిన బండలు ఒకే పనిలో భాగం. ఆ పని ఆగలేదు, దాని దారిలో ఇప్పుడు మనుషులు నివసిస్తున్నారు.

కాబట్టి అక్కడికి వెళ్లాలనుకునే వాళ్లు నా మాట విని వరుస మార్చండి. మిలాన్‌లో దిగి మొదట కోమో వెళ్లండి. బరదెల్లో గుట్ట ఎక్కి గులకరాళ్లు చూడండి. తరువాత వల్తెల్లీనా మీదుగా మలెంకో లోయకు వెళ్లి, సర్పెంటినైట్ నుండి టోనలైట్ వైపు నడవండి. ఆ పక్కనే ఉన్న మాసినో లోయలో, మెల్లో లోయలో గియాందోనే రాయి లోపలి రూపం చూడండి. అప్పుడు కియావెన్నా మీదుగా బ్రెగాలియాలోకి రండి. ప్రాంత్సైరా నుండి అల్బిఞా ఆనకట్టకు తీగల బండి ఉంది, వేసవిలో నడుస్తుంది. పైన గ్రానోడయోరైట్‌ను కోసుకుపోయిన తెల్లటి తీగరాళ్లు కాళ్ల కిందే ఉంటాయి, ఏది దేన్ని కోసిందో చూసి వరుస మీరే తేల్చవచ్చు. బొందాస్కా లోయలోకి వెళ్లే ముందు ఏ దారులు తెరిచి ఉన్నాయో గ్రామంలో అడిగి, వాళ్లు వద్దన్న చోటికి వెళ్లకండి. బదీలే గోడను ఆఖరున చూడండి.